రంగుల షెడ్డులో మేకు కొట్టని గోడ

బరంపురం అంచున, అంకులిలో ఇళ్లు పలచబడే చోట, పట్టు నూలుకు రంగులద్దిన పాత షెడ్డు ఒకటి ఉంది. నూలు పని ఆగిపోయాక దాని యజమానులు బొమ్మలు వేసుకునేవాళ్ల కోసం దాన్ని ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. ఆ ట్రస్టు నన్ను తాళంచెవి పట్టుకోమంది. పట్టుకున్నదాన్ని ఇరవై ఆరేళ్లు వదల్లేదు. పన్నెండు మంది చిత్రకారులు, శిల్పులు అందులో పక్కపక్కనే పనిచేసుకుంటారు. ముందు హాల్లో ఏడాది పొడుగునా ప్రదర్శనలు జరుగుతాయి. కాగితాల్లో నేను నిర్వాహకురాలిని. షెడ్డులో అందరికీ రత్నం అప్పను. మా ఊళ్లో తెలుగువాళ్లకూ ఒడియావాళ్లకూ కూడా అక్క అంటే అప్పే కాబట్టి పిలుపు దగ్గర పేచీ రాలేదు. మిగతా అన్నిటి దగ్గరా వచ్చింది.

పని నుంచి తప్పుకున్నాక, ఇలాంటి చోట్లు నడపాలని ఉత్సాహపడే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తున్నారు. అర్జీలు ఎలా రాయాలి, పేరున్నవాళ్లను ఎలా రప్పించాలి అని అడుగుతారు. అవి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు చెప్పాలని ఉన్నది ఒక గోడ సంగతి. మా హాల్లో ఉత్తరపు గోడ అన్నిటికన్నా పెద్దది. కిటికీ లేదు, చెమ్మ లేదు, వెలుతురు చక్కగా పడుతుంది. మా పన్నెండుమందీ ఆ గోడ కోసమే కొట్టుకునేవారు. ఈరోజు దాని మీద ఒక్క మేకు కూడా లేదు, ఇక ఉండదు కూడా. ప్రదర్శనశాల నడిపేవాళ్లు చేయగలిగిన పిచ్చిపనుల్లో ఇంతకు మించింది లేదని కొందరు నా ముఖం మీదే అన్నారు. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిట్లోకీ అదే గొప్పదని నా నమ్మకం.

మేకులూ మనుషులూ

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఒక మిల్లు ఆఫీసులో పదేళ్లు పనిచేసి ఈ షెడ్డుకు వచ్చాను. బొమ్మ వేయడం నాకు రాదు. రాకపోవడమే ఈ పనికి నా అర్హత అని తర్వాత తెలిసింది. వచ్చి ఉంటే నేనూ పదమూడోదాన్నై గోడ కోసం తగువుకు దిగేదాన్ని.

మొదట్లో ఈ పనంటే కళను పోషించడం అనుకున్నాను. రెండు నెలల్లో భ్రమ తీరింది. ఈ పనంటే కుళాయి, మేకు, తాళం, టీ. కుళాయి కింద ఎవరి కుంచెలు ముందు కడగాలనే దాని మీద ఏడాదిపాటు మాటలు మానేసిన మనుషులు నాకు తెలుసు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని ఊరికే అనలేదు. మోయడం మన వంతు. అది ఇష్టం లేనివాళ్లు ఈ పనికి రావద్దు.

భాస్కరరావు తైలవర్ణ చిత్రాలు వేస్తాడు. వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న, పంతంలో మా అందరికన్నా పెద్ద. దిగపహండి నుంచి రోజూ బస్సులో వచ్చే లిపిక అనే ఒడియా అమ్మాయి చెక్క మీద చెక్కి అచ్చులు తీస్తుంది. ఆమె చెక్కుతుంటే లేచిన పొట్టు వెళ్లి అతని తడి రంగు మీద వాలేది. అతని టర్పెంటైన్ వాసనకు ఆమెకు తలనొప్పి వచ్చేది. మధ్యలో తడిక కట్టించాను, వేళలు మార్చాను, బతిమాలాను. ఏదీ పనిచేయలేదు. చివరికి విసుగెత్తి ఒక కట్టుబాటు పెట్టాను. ఎవరి బొమ్మను వాళ్లు గోడకు తగిలించకూడదు, తోటివాళ్లే తగిలించాలి. ప్రదర్శన వచ్చినప్పుడు ఎవరెవరికి పడటం లేదో చూసి, ఒకరి బొమ్మల పని ఇంకొకరికి అప్పగించేదాన్ని. లిపిక అచ్చులు తగిలించే పని భాస్కరరావు మీద పడింది. గొణుక్కుంటూనే మధ్యాహ్నమంతా నిచ్చెన మీద నిలబడి, మట్టం చూసి, తాడు పట్టి, ఒక్కో పటం వెనక్కీ ముందుకీ జరిపాడు. ఇంకొకరి బొమ్మను అంతసేపు చేత్తో పట్టుకున్నాక పాత కోపం నిలవదు. వాళ్ల తగువు ఆగలేదు గాని, అన్నం తిని చేసుకునే తగువుగా మారింది.

రెండో కట్టుబాటు మా ట్రస్టు అధ్యక్షుడు పాఢీ బాబుది. కాలేజీ ప్రిన్సిపాలుగా చేసిన ఒడియా పెద్దమనిషి. తెలుగు వీధిలో పెరిగినందువల్ల మా మాట మాకన్నా బాగా మాట్లాడతారు. ఆయన నియమం ఇది. ఎంత గొప్పవాళ్ల ప్రదర్శనైనా పదిహేను రోజులే. బొమ్మలు దించిన మర్నాడు మేకుల గుంతలు పూడ్చి నాలుగు గోడలకూ సున్నం వేయాలి, తెల్లటి గోడలు తర్వాతివాళ్లకు అప్పగించాలి. సొంత తమ్ముడి ప్రదర్శనకు కూడా పదహారో రోజు ఇవ్వలేదాయన. మంచి నియమం. దానివల్లే షెడ్డు అన్నేళ్లు ఎవరి సొంతమూ కాకుండా నిలబడింది. ఆ నియమాన్ని మోసం చేసింది నేను.

నడుమ ఖాళీగా వచ్చిన చెక్క

ఒకసారి గంజాం జిల్లా పనివాళ్ల చేతిపనులతో ప్రదర్శన పెట్టాలనుకున్నాం. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట పొడంపేట అనే చేపలవాళ్ల ఊరుంది. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో గోడ మీద గంగమ్మను వేస్తారని, వేసే చెయ్యి ఒక్కటే మిగిలిందని, అతని పేరు పోలయ్య అని లిపిక చెప్పింది. నేను ఒక ప్లైవుడ్ చెక్క పంపించి, దీని మీద మచ్చుకు ఒక బొమ్మ వేసి తెమ్మని కబురు పెట్టాను.

పోలయ్య తనే బస్సులో తెచ్చాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచన. చిరిగిన వలగుడ్డ విప్పి చెక్క చూపించాడు. చుట్టూ అంచు బ్రహ్మాండంగా ఉంది. ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపుతో చేపల వరస, దాని లోపల పడవల వరస, మూలల్లో తాబేళ్లు. నడుమ మాత్రం ఖాళీ. పూర్తి కాలేదేమిటని అడిగాను.

"ఎవులింటికో సెప్పనేదు కదమ్మా. సెప్తే మిగిలింది ఏసిత్తాను" అన్నాడు.

ఈ షెడ్డుకే అన్నాను. ఇది ఎవరిల్లు అని అడిగాడు. ఎవరిదీ కాదు, అందరూ వాడుకుంటారు అని చెప్పాను. అతను షెడ్డంతా ఒకసారి కలయజూసి, చెక్కను మళ్లీ వలగుడ్డలో చుట్టి, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. మాట మీద నిలబడే మనిషి కాదని నేను తీర్మానించుకున్నాను. ఇరవై ఏళ్లు బొమ్మల మధ్య తిరిగినదాన్ని కదా, నాకు తెలియనిది ఉంటుందా అనే పొగరు కూడా అందులో ఉంది. ప్రదర్శనలో పొడంపేట పేరైనా ఉండాలని, ఎవరో తీసిన ఒక గోడ ఫోటో సంపాదించి పెద్దది చేయించాను. కింద 'పొడంపేట జానపద చిత్రం' అని చీటీ అంటించాను. దాన్ని పెట్టింది కూడా హాల్లో కాదు, టీ పొయ్యి పక్క నడవలో.

ప్రదర్శన రోజు పోలయ్య భార్య దానమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. వెళ్లేటప్పుడు దానమ్మ నా దగ్గరకు వచ్చింది. చేపల గంప ఎత్తి ఎత్తి మెడ గట్టిపడిన మనిషి, మాట మాత్రం మెత్తన.

"బాగుందమ్మా. ఆ గోడ మా మావ ఇంట్లోది. మా ఆయన పెళ్లయిన ఏడు ఏసినాడు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. వేసిన మనిషి పేరు లేకుండా, అతని బొమ్మనే అతనికి చూపించి, అతను మాట నిలబెట్టుకోనివాడని మనసులో రాసుకుని కూర్చున్నాను. ఆ చీటీ ఆ పూటే పీకేశాను. పీకినంత మాత్రాన జరిగింది పోదు.

పొడంపేట

ఆ వారంలోనే లిపికను తీసుకుని పొడంపేట వెళ్లాను. ఊరు సగం సముద్రంలో ఉంది. మిగిలిన సగంలో గోడలున్న చోట కప్పు లేదు, కప్పున్న చోట మనుషులు లేరు. అందరినీ లోపలికి, కొత్త కాలనీకి మార్చారు. పోలయ్య కాలనీ ఇంట్లో గడప మీద కూర్చోబెట్టి, చెక్క నడుమ ఎందుకు ఖాళీగా వదిలాడో అప్పుడు చెప్పాడు.

గంగమ్మను ఊరికే వేయరు. ఇంట్లో ఆపద వచ్చినప్పుడో, కొత్త పడవ దింపినప్పుడో ఆ ఇంటివాళ్లు మొక్కుకుంటారు. వేసే రోజు ఇంటిల్లిపాదీ పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. పోలయ్య ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతాడు, నీకు ఏముంది, నీకు ఏం కావాలి అని. అవన్నీ అమ్మ చుట్టూ వేస్తాడు. కోడలి కడుపులో బిడ్డ, విరిగిన కాలు, కొనాలనుకున్న ఇంజను, దుబాయిలో ఉన్న కొడుకు, అన్నీ. ఎవరింటి అమ్మ వారింటి అమ్మే. ఇల్లు లేకపోతే నడుమ వేయడానికి ఏమీ ఉండదు. అలా వేసిన అమ్మ మీద ఎవరూ సున్నం వేయరు. ఆ ఇల్లు ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

నా ఫోటోలోని గోడను కిందటి వానాకాలం సముద్రం తీసుకుపోయింది. వాళ్ల నాన్న ఇల్లు, చిన్నాన్న ఇల్లు, పోలయ్య వేసిన గోడలన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. కొత్త ఇళ్లలో గదులు చిన్నవి. జనం కొట్లో దొరికే పటం తెచ్చుకుని సరిపెట్టుకుంటున్నారు. రెండేళ్లుగా అతన్ని ఎవరూ గోడ వేయమని అడగలేదు. చెప్తున్నంతసేపూ అతని కుడిచెయ్యి మోకాలి మీద సన్నగా వణుకుతూనే ఉంది.

"ఒక్క గోడమ్మా" అన్నాడు. "సముద్రం రానికాడ ఒక్క గోడ. ఈ సెయ్యి ఆడతన్నప్పుడే ఏసీవాల."

మా ఉత్తరపు గోడ ఇస్తానని నేను అనేశాను. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. పోలయ్య తల అడ్డంగా ఊపాడు. ఇల్లు కాని చోట ఎలా వేస్తాడు? లిపిక తన వచ్చీరాని తెలుగులో, మేం పన్నెండుమందిమీ అప్పతో కలిసి ఉపవాసం ఉంటాం అంది. అతను ఇంకా సందేహిస్తుంటే దానమ్మ లోపలి నుంచి వచ్చి తేల్చేసింది.

"ఒకే పొయ్యి మీద టీ కాసుకు తాగతన్నారు. రోజూ కొట్టుకుంటన్నారు. మళ్లీ పొద్దున్నే అక్కడికే వస్తన్నారు. అది ఇల్లు కాదేటి?"

పోలయ్య నవ్వాడు. నేను మాత్రం అప్పటికే పాఢీ బాబు సున్నం గురించి ఆలోచిస్తున్నాను.

రెండు పడవల మీద కాళ్లు

ఇప్పుడు నా తప్పు చెప్తాను, శ్రద్ధగా వినండి. ఇలాంటి చోట్లు నడిపేవాళ్లకు సులువుగా అంటుకునే జబ్బు ఇది. ఇటువాళ్లకు ఇటు నచ్చేదీ, అటువాళ్లకు అటు నచ్చేదీ చెప్పి, మధ్యలో మంచిదాన్ననిపించుకోవడం. పాఢీ బాబు దగ్గరకు వెళ్లి, పొడంపేట నుంచి ఒక చిత్రకారుడు గోడ మీదే బొమ్మ వేస్తాడు, మామూలుగానే పదిహేను రోజులు అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. పోలయ్యకు, ఈ గోడ ఎప్పటికీ ఉంటుందని చెప్పాను. ఆయనకు చెప్పింది ఇతనికీ, ఇతనికి చెప్పింది ఆయనకూ తెలియనివ్వకుండా రెండు నెలలు గడిపాను. ఏదో ఒకటి జరుగుతుందిలే అనుకున్నాను. గోడ మీద పిల్లి అని ఎవరినైనా ఎగతాళి చేయాల్సివస్తే ముందు నన్నే చేయాలి.

భాస్కరరావుకు అసలు సంగతి తెలుసు. ఆ గోడ మీద తర్వాతి వంతు అతనిదే. రెండేళ్లుగా దానికోసం కాన్వాసులు సిద్ధం చేసుకుంటున్నాడు. నీ దొంగ లెక్క నా మెడకు చుట్టుకుంటుందప్పా అని దెప్పాడు. అయినా ఉపవాసానికి పేరు ఇచ్చాడు.

అమ్మ గోడెక్కిన రోజు

పోలయ్య మూడు రోజుల ముందే వచ్చి గోడకు ఎర్రమట్టి పూశాడు. అంచులు వేసుకున్నాడు. వేసే రోజు పొద్దున్నే దానమ్మ, ఆమెతో వచ్చిన నలుగురు ఆడవాళ్లు షెడ్డు కడిగి పసుపునీళ్లు చల్లారు. నూలు రంగులు పారడానికి ఎప్పుడో తవ్విన కాలువల్లో ఆ రోజు పసుపు పారింది. మా పన్నెండుమందీ టీ లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వరసగా కూర్చున్నారు.

ఈతపుల్ల కొన నమిలి చేసుకున్న కుంచెతో పోలయ్య ముందు అమ్మను వేశాడు. చెయ్యి కుంచె పట్టేదాకా వణికింది, పట్టాక వణకలేదు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచాడు. లిపికకు కావలసింది ఒక్కటే, దిగపహండి ఆఖరి బస్సు తనను వదిలి వెళ్లిపోకూడదు. అమ్మ పాదాల దగ్గర బస్సు వచ్చింది, కిటికీలో లిపిక జడ కూడా వచ్చింది. భాస్కరరావు వంతు రాగానే తనకు కోరికలేమీ లేవన్నాడు. గొప్ప కళాకారుడు కదా. కోరిక లేనోడికి ఉపాసం దేనికి బాబూ అని దానమ్మ అడిగేసరికి అందరూ నవ్వారు. అతను తలవంచుకుని, తన భార్య ఇన్నేళ్లలో ఒక్కసారీ ఈ షెడ్డు గుమ్మం తొక్కలేదని, ఆమె వచ్చి తన బొమ్మలు చూస్తే చాలునని అన్నాడు. ఇరవై ఏళ్లు పక్కనే పనిచేసినవాళ్లకు ఎవరికీ తెలియని సంగతి అది. పోలయ్య ఒక తలుపు వేసి, అందులో ఒక అడుగు లోపలికి పెట్టిన ఆడమనిషిని వేశాడు. నన్ను అడిగినప్పుడు, నా తర్వాత ఇది మూతపడకూడదన్నాను. పడవంత పొడుగు తాళంచెవి వేసి, దాన్ని నా భుజాన పెట్టాడు.

పొద్దు గూకేవేళకు గోడ నిండింది. ఆ తర్వాత జరిగింది నేను ఎంత చెప్పినా తక్కువే. పొడంపేట నుంచి రెండు లారీల్లో జనం డప్పులతో వచ్చారు. అంకులి జనం వచ్చారు, నేతగాళ్ల వీధుల నుంచి ఆడవాళ్లు పిల్లలతో వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. మా ప్రదర్శనలకు మామూలుగా వచ్చేది మేమూ మా చుట్టాలే. ఆ పదిహేను రోజులూ వాకిట్లో చెప్పులు పెట్టడానికి చోటు చాలలేదు. చెప్పులు విప్పమని మేం ఎవరికీ చెప్పలేదు. భాస్కరరావు భార్య మూడో రోజు వచ్చింది. తనను గోడ మీద వేశారని ఎవరో చెప్తే చూద్దామని వచ్చిందట. ముందు గోడ చూసింది, తర్వాత లోపలికి వెళ్లి అతని బొమ్మలన్నీ చూసింది. గోడ పక్కన చీటీ మీద తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో పోలయ్య పేరు ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ అది చదువుతుంటే దానమ్మ పక్కన నిలబడి చూసేది.

పదిహేనో రోజు

మర్నాటి దాకా కూడా ఆగకుండా పాఢీ బాబు పదిహేనో రోజు సాయంత్రమే సున్నం వేసే అతన్ని పంపించారు. అతను బకెట్లు దించుతుండగానే పోలయ్య, దానమ్మ వచ్చారు. అమ్మకు పెట్టడానికి వండిన చేపల కూర గిన్నె దానమ్మ చేతిలో ఉంది. పోలయ్య బకెట్ల వంక చూసి, నా వంక చూశాడు.

"ఇదేటమ్మా?" అన్నాడు.

నా ఉద్యోగం మొత్తంలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకొకటి లేదు. పాఢీ బాబుకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆయన వచ్చాక అందరి ముందూ చెప్పేశాను. ఆయనకు పదిహేను రోజులని చెప్పిందీ నేనే, పోలయ్య అన్నకు ఎప్పటికీ అని చెప్పిందీ నేనే, తప్పు పూర్తిగా నాదే. అతన్ని అన్నా అని నేను పిలిచింది అదే మొదటిసారి. అంతకుముందు దాకా పోలయ్యా అని పిలుస్తూనే ఉన్నాను. ఇదీ చెప్పదగిన తప్పే.

పాఢీ బాబుకు కోపం వచ్చింది. రావడం న్యాయమే. నియమం ఒకరికి సడలిస్తే రేపు పన్నెండుమందీ పన్నెండు కారణాలు తెస్తారని, అప్పుడు ఇది షెడ్డు కాదు, పంచుకున్న ఆస్తి అవుతుందని అన్నారు. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. దానికి పోలయ్యే బదులిచ్చాడు. బతిమాలలేదు.

"ఏసీమనండి బాబూ. మాట తప్పడం దేనికి. సముద్రం సెప్పకుండా తీసుకుపోయింది, మీరు సెప్పి తీస్తన్నారు" అన్నాడు.

సున్నం అతను బకెట్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. అప్పుడు భాస్కరరావు లోపలి నుంచి వచ్చాడు. తన ప్రదర్శనకు ఆ గోడ అక్కర్లేదన్నాడు. రెండేళ్లు దానికోసమే పనిచేసిన మనిషి. లిపిక తన వంతు కూడా వదులుకుంటానంది. ఒకరి తర్వాత ఒకరు, కుళాయి దగ్గర వంతు వదలని మనుషులు, ఒక మేకు కోసం నెలల తరబడి ముఖాలు తిప్పుకున్న మనుషులు, పన్నెండుమందీ ఉత్తరపు గోడ వదులుకున్నారు. నేను ఎవరినీ అడగలేదు. నాకు కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఇరవై ఏళ్లు నేను నడిపింది ఏమిటో ఆ సాయంత్రం నా కళ్లతో చూశాను.

పాఢీ బాబు గోడ దగ్గరకు వెళ్లారు. ప్రారంభం రోజు దండలూ ఉపన్యాసాల హడావిడిలో ఆయన దాన్ని సరిగ్గా చూడనేలేదు. ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుని ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చారు. బస్సులో లిపికను గుర్తుపట్టారు, తాళంచెవితో నన్ను గుర్తుపట్టారు, టీ పొయ్యినీ గుర్తుపట్టారు. చివరిదాకా వచ్చి ఆగారు.

"ఇందులో నేనేడీ?" అని అడిగారు.

పోలయ్య నెమ్మదిగా, మీరు ఉపాసం ఉండనేదు కదా బాబూ అన్నాడు. పొద్దున్నే బరా, ఘుగునీ, అంటే గారెలూ బఠాణీ కూరా పడందే నమస్కారానికి కూడా ప్రతినమస్కారం చేయని మనిషి ఆయన. మా అందరికీ తెలుసు. అంత బాధలోనూ లిపిక నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన సున్నం అతన్ని రేపు సాయంత్రం రమ్మని పంపేసి, తను కూడా రేపు సాయంత్రమే వస్తానని వెళ్లిపోయారు.

వచ్చారు. పొద్దు గూకడానికి ఇంకా గంట ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కుర్చీ వేస్తే వద్దని, మావాళ్లు ఆ రోజు కూర్చున్నట్టే నేల మీద కూర్చున్నారు. పోలయ్య రంగు చిప్ప పక్కన పెట్టుకుని ఎదురుగా కూర్చుని, అందరినీ అడిగినట్టే ఆయన్నూ అడిగాడు.

"ఏటి కావాల బాబూ?"

పాఢీ బాబు గోడ వంక చూశారు.

"ఈ గోడ ఉండాలి" అన్నారు.

పోలయ్య ముంచిన కుంచె తీసి చిప్ప అంచుకు ఆనించాడు.

"అది నానేసీది కాదు బాబూ. మీరే సెయ్యాల."

పాఢీ బాబు నేలకు చెయ్యి ఆనించి లేచారు. సున్నం అతను చెప్పిన వేళకే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈయన వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి, ఇవాళ్టి నుంచి ఈ షెడ్డులో నీ పని మూడు గోడలకే అని చెప్పి వచ్చి, మళ్లీ పోలయ్య ఎదురుగా కూర్చున్నారు.